పద్నాలుగు నెలల యోగాకి ముప్పావు అంగుళం

పద్నాలుగు నెలలుగా నేను ఒక్క రోజు కూడా యోగా మానలేదు. జ్వరం వచ్చిన రోజు మానలేదు, పన్ను పీకించుకున్న మర్నాడు మానలేదు, మా ఆయనతో మాటా మాటా అనుకుని మూడు రోజులు మూతి ముడుచుకు తిరిగినప్పుడు కూడా మానలేదు. పొద్దున్నే ఐదున్నరకి ముందు గదిలో కుర్చీలు గోడకి జరిపి, చాప పరిచి, ఫోన్ని నీళ్ళ చెంబుకి ఆనించి, టీచరు పంపిన వీడియో పెట్టుకుని ఒక్కో ఆసనం బొమ్మలో ఉన్నట్టు వేస్తాను. అయినా నా కుడి భుజం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఈ సంగతి ఎవరితో చెప్పుకున్నా "ఇంకొన్నాళ్ళు చేసి చూడు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

అంతకంటే మండే విషయం ఇంకోటుంది. అదే గదిలో, నా చాప పక్కనే దుప్పటి మడత వేసుకుని మా అత్తయ్య కూడా యోగా చేస్తుంది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. చేస్తుందంటే, ఏదో చేశాననిపిస్తుంది. చేతులు పైకెత్తమంటే చెవుల దాకా ఎత్తి ఇక చాలనుకుంటుంది. ముందుకి వంగమంటే మోకాళ్ళు మడిచేసి, పాదాలు అందాయి చూడమంటుంది. మధ్యలో లేచి వెళ్ళి స్టవ్ మీద పాలు చూసొస్తుంది. అన్నిటికీ మించి ఆ నోరు ఆగదు. పక్క వాటా వాళ్ళ తలుపు చప్పుడు దగ్గర మొదలుపెట్టి, నిన్న కొన్న సబ్బు నురగ రావడం లేదనే దాకా, శవాసనంలో పడుకుని కూడా చెబుతూనే ఉంటుంది. శవం మాట్లాడదు అత్తయ్యా అని ఒకసారి అన్నాను. నేనింకా పోలేదు కదమ్మా అంది.

ఆ చేసిన దానికి ఆవిడకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. పడుకున్న ఐదు నిమిషాల్లో నిద్ర పడుతోంది. నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేస్తోంది. పద్ధతిగా చేసిన నాకేమో భుజం పట్టేసి, జడ వేసుకోవాలంటే ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకోవలసి వస్తోంది. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

నేను కటింగ్ మాస్టర్ని. కోట్లూ యూనిఫారాలూ కుట్టే షాపులో కిటికీ పక్కనున్న పెద్ద బల్ల నాది. కొత్తగా వచ్చినవాళ్ళు బల్ల వెనక నన్ను చూసి "మాస్టర్ లేడా" అని అడుగుతారు. "ఉంది" అంటాను. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కత్తెర. గుడ్డ నాలుగు పొరలు పరిచి, సుద్దతో గీతలు గీసి, ఆ గీత మీద నుంచి దారం కూడా అటూ ఇటూ పోకుండా కోయడం నా పని. తిన్నని కోతలు ఎవరైనా కోస్తారు. కోటుకి చంక దగ్గర వచ్చే వంపు మాత్రం అందరికీ రాదు. అక్కడ కాస్త జారినా చెయ్యి ఎత్తినప్పుడల్లా కోటు మొత్తం పైకి లేస్తుంది.

అందుకే మా షాపులో ఒక కట్టుబాటు పెట్టాను. నేను వంపు దగ్గరికి వచ్చి కత్తెర ఎత్తానంటే నాలుగు కుట్టు మిషన్లూ ఆగిపోవాలి. ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. ఇది నేను కనిపెట్టింది కాదు. నాకు పని నేర్పిన పాత మాస్టరు దగ్గర అంతే ఉండేది. "వంపులోకి వెళ్ళాక నువ్వు బల్లలో ఒక ముక్కవి. మనిషి కదలకూడదు, ఊపిరి కూడా కదలకూడదు" అనేవాడాయన. నా మెడ మీద రెండు వేళ్ళు పెట్టి చూసేవాడు, నేను నిజంగా నిశ్చలంగా ఉన్నానా లేదా అని. ఆయన మెప్పు పొందడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆ మెప్పు ఇప్పటికీ నాకు గర్వమే.

కిందటి వారం గురువారం, ఏడో కోటు చంక వంపులో నా చెయ్యి తిమ్మిరెక్కి కత్తెర జారి కింద పడింది. పడిన చప్పుడుకి అందరూ నా వైపు చూశారు. మిషన్లు అప్పటికే ఆగి ఉన్నాయి కాబట్టి ఆ చప్పుడు మరీ పెద్దగా వినబడింది.

మా యజమాని లోపలి నుంచి వచ్చాడు. ఆయన్ని మేమందరం చాటుగా అరంగుళం అంటాం. ఎంత గుడ్డ ఇచ్చినా ఇంకో అరంగుళం మిగల్చలేవా అని అడగడం ఆయనకి అలవాటు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ జాలి కూడా కొలిచే చూపిస్తాడు.

"ఇది ఎన్నోసారి?" అన్నాడు.

"మూడోసారి."

"వచ్చే శుక్రవారం హోటల్ వాళ్ళ కోట్లు మొదలవుతాయి. రోజుకి పన్నెండు కోయాలి. ఏడు దగ్గరే చెయ్యి పడిపోతే ఎలాగ?"

"యోగా చేస్తున్నానండి."

"ఏడాది నుంచీ అదే చెబుతున్నావు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "శుక్రవారం పన్నెండూ కోస్తే సరే. లేకపోతే బల్ల ఇంకొకరికి ఇస్తాను. నువ్వు బొత్తాల దగ్గర కూర్చుందువుగాని. నిన్ను పొమ్మనడం లేదు కదా" అన్నాడు.

బొత్తాల దగ్గర మా పిన్ని కూర్చుంటుంది. సొంత పిన్ని కాదు, షాపులో అందరికీ పిన్నే. ఆ పనంటే నాకు చులకన లేదు. కానీ ఇరవై రెండేళ్ళు నిలబడి కోసిన మనిషిని, స్టూలు మీద కూర్చుని, ఇంకెవరో నా బల్ల మీద వంపు పాడుచేస్తుంటే చూస్తూ బొత్తాలు కుట్టుకోవాలా? అంతకుముందు చూపించుకున్న డాక్టరు ఫోటోలు తీయించి, నరం బాగానే ఉంది, కండరాలు బిగుసుకుపోయాయి, వదులు చేసుకోండి అన్నాడు. పద్నాలుగు నెలలుగా నేను చేస్తున్నది ఇంకేమిటి?

సరే, చేసేదేదో ఇంకా గట్టిగా చేద్దామనుకున్నాను. మర్నాటి నుంచి ఐదింటికే లేచాను. ముప్పై లెక్కపెట్టే చోట అరవై లెక్కపెట్టాను. షాపు నుంచి టేపు తెచ్చుకుని, పశ్చిమోత్తానాసనంలో కాళ్ళు చాపి ముందుకి వంగి, వేలి కొసకీ బొటనవేలికీ మధ్య ఎంత ఎడం ఉందో అత్తయ్య చేత కొలిపించాను. మొదలుపెట్టిన కొత్తలో నాలుగు అంగుళాలు. ఇప్పుడు మూడుంపావు. అంటే పద్నాలుగు నెలల కష్టానికి ముప్పావు అంగుళం. ఈ లెక్కన నా వేళ్ళు నా పాదం చేరడానికి ఇంకో ఐదేళ్ళు పడుతుంది. అప్పటికి మా అత్తయ్య మోకాళ్ళు మడుచుకుని ఎక్కడిదాకా వెళ్తుందో.

ఆదివారం యోగా టీచరు దగ్గరికి వెళ్ళాను. ఒక లైబ్రరీ పైన హాల్లో క్లాసు చెబుతుంది ఆవిడ. నా చేత నాలుగు ఆసనాలు వేయించి చూసింది. చుట్టూ తిరిగి చూసి, "ఎంత చక్కగా వేస్తున్నారండీ, కొలిచినట్టుంది" అంది.

"మరి నొప్పెందుకు తగ్గడం లేదు?"

"శ్వాస మీద ధ్యాస పెట్టండి."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ మాట ఆవిడ ప్రతి క్లాసులోనూ అంటుంది, వీడియోలో మూడు నిమిషాలకోసారి అంటుంది. ఉత్తరం చివర ఇట్లు అని రాసినట్టు, అనాలి కాబట్టి అంటుందని నా నమ్మకం. ఊపిరి ఎవరు తీసుకోరు? తీసుకోకపోతే నేను మెట్లెక్కి వచ్చి ఈవిడ ముందు నిలబడేదాన్నా? సరేనండి అని చెప్పి దిగి వచ్చేశాను. దారి పొడుగునా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

సోమవారం పొద్దున త్రికోణాసనంలో ఉన్నాను. కాళ్ళు ఎడంగా పెట్టి, పక్కకి వంగి, ఒక చెయ్యి కిందికీ ఒక చెయ్యి పైకీ. మోకాలు వంగకూడదు, నడుం ముందుకి పడకూడదు. అరవై లెక్కపెడుతున్నాను. అత్తయ్య ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఆ కిటికీ కొంచెం తెరవనా?"

పన్నెండు, పదమూడు.

"నిన్న మీ వదిన ఫోన్ చేసింది. దానికి పిల్లలతో కుదరడం లేదట."

ఇరవై రెండు.

"నేను కొన్నాళ్ళు అక్కడ ఉండి రానా? వెళ్ళొద్దంటే వెళ్ళను. నువ్వేమంటావు?"

ముప్పై ఒకటి దగ్గర ఉన్నాను. అరవై అయ్యేసరికి ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఆ ప్రశ్న మళ్ళీ గుర్తు రాలేదు. నా బుర్రలో శుక్రవారం తప్ప ఇంకేమీ లేదు.

బుధవారం సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి తలుపు పక్కన ఆవిడ సంచి సర్ది ఉంది. పైన కళ్ళజోడు డబ్బా, దువ్వెన. వ్యాన్ నడిపే మా ఆయన అప్పటికింకా ఇంటికి రాలేదు.

"ఇదేంటి అత్తయ్యా?"

"శనివారం వెళ్తున్నాను. మీ వదినకి చెప్పేశాను."

"ఎందుకు? నాతో ఒక్క మాట చెప్పకుండా?"

ఆవిడ చేస్తున్న పని ఆపింది. బట్టలు మడత పెడుతోంది. "చెప్పాను కదమ్మా. అడిగాను కూడా. నువ్వు పలకలేదు. పలకవని తెలుసు, అయినా అడిగాను. ఏడాది పైనుంచీ చూస్తున్నాను, పొద్దున్నే నీ పక్కన కూర్చుని నేను ఏదడిగినా నువ్వు సమాధానం చెప్పవు. ఒక్కరోజు కూడా చెప్పలేదు. నా మాట నీకు పడదేమో, పోనీ ఊరుకుందామంటే నా నోరు ఊరుకోదు. నీకు ప్రశాంతత కావాలి. నేను లేకపోతే నీ భుజమైనా తగ్గుతుందేమో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. తప్పంతా నా నెత్తిన వేస్తోందే అనిపించింది. గట్టిగానే అరిచాను.

"ఊపిరి బిగపట్టుకుని ఉన్నదాన్ని ఎలా మాట్లాడతాను అత్తయ్యా?"

ఆవిడ నా వైపు అదోలా చూసింది.

"ఎందుకు బిగపట్టావు?" అంది.

ఎప్పుడు బిగపడుతున్నానో కూడా నాకు తెలియదు. చెప్పులైనా విప్పకుండా ముందు గది మధ్యలో నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టి పక్కకి వంగాను. వంగీ వంగగానే లోపల ఏదో తలుపు గడియ పడినట్టు ఊపిరి ఆగింది. నేను ఆపలేదు, అదే ఆగింది. గీత తప్పకూడదు అనుకోగానే ఆగింది. మెడ మీద రెండు వేళ్ళు ఉన్నట్టే అనిపించింది. భుజం చెవి దగ్గరికి లేచి, అక్కడే బిగుసుకుంది. అరవై లెక్కపెట్టినన్నాళ్ళూ, ముప్పై లెక్కపెట్టినన్నాళ్ళూ, రోజుకి పది ఆసనాలు, పద్నాలుగు నెలలు, నేను చేసింది ఇదన్నమాట. భుజాన్ని వదులు చేయడానికి లేచి, దాన్ని మరింత బిగించి పడుకోబెట్టడం. దానికి తోడు షాపులో రోజంతా అదే పని.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఎవరి మీదో చెప్పలేను. పాత మాస్టరు మీద కొంత, మూడు నిమిషాలకోసారి చెప్పిన టీచరు మాట చెవిన పెట్టని నా మీద కొంత. అందరికంటే ఎక్కువ, మందు పక్కనే కూర్చుని పొద్దున్నే లొడలొడ వాగుతుంటే దాన్నే రోగమనుకున్నందుకు. ఆవిడ మాట్లాడుతూ చేసింది. మాట్లాడేవాళ్ళు ఊపిరి బిగపట్టలేరు. అంతే ఆవిడ రహస్యం. అది కూడా ఆవిడకి తెలియదు.

గురువారం షాపులో ఊపిరి వదులుతూ ఒక పనికిరాని ముక్క కోసి చూశాను. గీత పాము పాకినట్టు పోయింది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, మొదటి వారం పనిలో చేరిన పిల్లలా కోశాను. ముక్కని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాను. పిన్ని చూసింది.

శుక్రవారం తొమ్మిదింటికి హోటల్ వాళ్ళ నల్లగుడ్డ బల్ల మీద పరిచాను. అరంగుళం తలుపు దగ్గర నిలబడ్డాడు. మొదటి కోటు చంక వంపు దగ్గరికి వచ్చి కత్తెర ఎత్తాను. నాలుగు మిషన్లూ టక్కున ఆగిపోయాయి.

"ఆపకండి" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. "కుట్టుకోండి. మాట్లాడుకోండి కూడా" అన్నాను. తర్వాత బొత్తాల వైపు తిరిగి, "పిన్నీ, నన్నేదైనా అడుగు" అన్నాను.

"ఏమడగను?"

"ఏదో ఒకటి. నేను సమాధానం చెప్పాలి, అంతే."

పిన్ని కాసేపు నీళ్ళు నమిలింది. ఇన్నేళ్ళుగా నేను కత్తెర ఎత్తితే నోరు మూసుకున్న మనిషి. చివరికి, "మీ ఇంట్లో వంట నువ్వా, మీ అత్తగారా?" అంది.

"మా అత్తయ్య" అన్నాను కోస్తూ.

"బాగా చేస్తుందా?"

"ఉప్పు ఎక్కువ వేస్తుంది. చెబితే వినదు."

మిషన్ల దగ్గర ఎవరో నవ్వారు, నాకూ నవ్వొచ్చింది, కత్తెర గీత దాటింది. అరంగుళం రెండు అంగల్లో వచ్చి వంగి చూశాడు. "ఎంత పోయింది?" అన్నాడు.

"పావంగుళం."

"నాలుగు పొరలూ?"

"నాలుగూ."

ఆయన ముఖం చూశాక ఇక్కడితో ఆపి, పాత పద్ధతిలో ఊపిరి బిగపట్టుకుని కోసేద్దామా అనిపించింది. ఆరు కోట్లయినా గీత మీద పోతాయి, ఏడో దానికి చెయ్యి పోతుంది. "మిగులు గుడ్డలో తీస్తాను" అని ఆ ముక్కలు పక్కన పెట్టాను. "పిన్నీ, ఇంకేదైనా అడుగు."

రెండో వంపు నూలుపోగంత జారింది, కుట్టులో కలిసిపోతుంది. మూడోది నిలబడింది. పిన్ని అడుగుతూనే ఉంది. మా ఆయన గురక పెడతాడా, నేను ఎప్పుడైనా ఏడుస్తానా, ఇన్నేళ్ళుగా వాళ్ళ నోళ్ళు ఎందుకు మూయించాను అని. చివరి దానికి కోస్తూనే "తెలియక" అన్నాను. ఏడో కోటు దాటింది. తొమ్మిదో దాని దగ్గర వేళ్ళకి చీమలు పట్టినట్టు మొదలైంది. పదో దాని దగ్గర ఆగి, కత్తెర కింద పెట్టి, చెయ్యి వేలాడదీసి ఊపిరి వదిలాను. ఐదు నిమిషాలకి మళ్ళీ తీసుకున్నాను. పన్నెండూ అయ్యేసరికి సాయంత్రం ఆరు దాటింది. భుజం నొప్పిగానే ఉంది. కానీ కత్తెర పడలేదు.

అరంగుళం ముక్కలన్నీ లెక్కపెట్టుకుని, పాడైనవి వేలితో మీటి, "రేపు కూడా పన్నెండే" అన్నాడు. భేష్ అనలేదు. బల్ల నాదేనని నాకు అర్థమైంది. సంతోషించే ఓపిక కూడా లేకపోయింది.

శనివారం పొద్దున ఐదున్నరకి చాప పరిచాను. అత్తయ్య తన దుప్పటి మడత మీద కూర్చుంది. సంచి తలుపు పక్కనే ఉంది. మా ఆయన పదింటికి ఆవిడని దింపి వస్తాడు. త్రికోణాసనంలోకి వంగి, ఆవిడ మాట కోసం చూశాను. రాలేదు. కిటికీ గురించి లేదు, సబ్బు గురించి లేదు. వెళ్ళేముందు కోడలికి ఒక్కరోజైనా ప్రశాంతత ఇద్దామని కాబోలు, మూతి బిగించుకుని చేతులు చెవుల దాకా ఎత్తి కూర్చుంది. పద్నాలుగు నెలలు ఆగని నోరు సరిగ్గా ఇవాళే ఆగింది. నా ఊపిరికి మళ్ళీ గడియ పడిపోయింది.

"అత్తయ్యా, ఏదైనా అడగండి" అన్నాను వంగిన చోటి నుంచే.

"ఎందుకులేమ్మా, నీకు అడ్డం."

"అడగండి. మీరు అడగకపోతే నాకు ఊపిరాడడం లేదు."

ఆవిడ దుప్పటి అంచు సరిచేసుకుంది. నేను లెక్కపెట్టడం మర్చిపోయాను.

"మొన్న అడిగిందే" అంది చివరికి. "వెళ్ళనా?"

"వెళ్ళొద్దు."

ఆ ఒక్క మాటతో లోపల ఉన్న ఊపిరంతా బయటికి పోయింది. భుజం చెవి దగ్గర నుంచి కిందికి దిగింది. టేపు చాప పక్కనే ఉంది, కానీ ఎవరం కొలవలేదు. అత్తయ్య ముక్కు చీదుకుంటూ, వదినకి ఏం చెప్పాలో, తను రాకపోతే ఆ పిల్లల్ని ఎవరు చూస్తారో, అసలు ఆ ఇంట్లో కుళాయి సరిగ్గా రాదనీ మొదలుపెట్టింది. నేను ప్రతిదానికీ సమాధానం చెబుతూ రెండో వైపుకి వంగాను.

అంతలో పాలు పొంగిన వాసన వచ్చింది.

"నువ్వుండు, నేను చూస్తాను" అని ఆవిడ చెయ్యి నేలకి ఆనించకుండా చటుక్కున లేచి వెళ్ళిపోయింది. నాకు మళ్ళీ కడుపు మండింది.